ఫోన్‌లో పెద్దవాళ్ల వ్యాయామం: పక్కన కూర్చునేవాళ్ల కోసం

నేను ఫిజియోథెరపిస్టును. వీడియో కాల్‌లో వ్యాయామాలు చేయించడం మొదలుపెట్టిన కొత్తలో, జబ్బుచేసి రెండు వారాలు మంచాన పడి లేచిన ఒక రిటైర్డ్ మాస్టారికి పది వ్యాయామాలు బొమ్మలతో సహా పంపాను. వారం తర్వాత అడిగితే "చూశానమ్మా, బొమ్మలు బాగున్నాయి" అన్నారు. ఒక్కటీ చేయలేదు. "అసలు మీకేం చేసుకోవాలనుంది మాస్టారూ?" అని అప్పుడడిగాను. రాత్రిపూట ఎవర్నీ లేపకుండా బాత్రూంకి వెళ్లి రావాలట! పదీ పక్కన పెట్టేసి, కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఒక్కటే ఉంచాను. అది మాత్రం మానలేదాయన.

అందుకే మొదటి కాల్‌లో ఆ ప్రశ్న తప్ప ఇంకేమీ వద్దు. జవాబు వాళ్ల నోటే రావాలి. పక్కనున్న కొడుకో కూతురో అందుకుని చెప్పేస్తుంటారు. దయచేసి ఆగండి. ఆపరేషనో పక్షవాతమో అయివుంటే, ముందు ఒకసారి డాక్టర్ నేరుగా చూసి సరేననాలి.

కుర్చీకి చక్రాలుండకూడదు, చేతులుండాలి, దాని వీపు గోడకు ఆనించాలి. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. దిగబడిపోయే సోఫా పనికిరాదు. కింద కాళ్లకు తట్టుకునేవేవైనా ఉంటే తీసేయండి. ఫోన్‌ను పక్కనుంచి, నడుమెత్తులో, తల నుంచి పాదాల దాకా కనిపించేలా దేనికైనా ఆనించండి. ఎదురుగా పెడితే ఎంత వంగి లేస్తున్నారో నాకు తెలీదు. వెనక కిటికీ ఉంటే మనిషి నల్లగా నీడలా కనిపిస్తారు. ఫోన్ మీరు చేత్తో పట్టుకోవద్దు, వాళ్లు తూలితే పట్టుకోవడానికి ఆ చెయ్యి కావాలి.

ఇక లేవడం. కుర్చీ అంచుకు జరగాలి. పాదాలు మోకాళ్లకంటే కాస్త వెనక్కి లాక్కోవాలి. ముక్కు కాలివేళ్ల మీదికొచ్చేంత ముందుకు వంగి లేవాలి. చాలామంది నిటారుగా కూర్చునే లేవబోయి, వెనక్కి పడి, "నావల్ల కాదు" అనేస్తారు. బలం లేక కాదు, వంగక. (తుంటి మార్పిడి ఆపరేషనైతే కొన్నాళ్లు అలా వంగకూడదని సర్జన్ చెప్పి ఉండొచ్చు, ముందు కనుక్కోండి.) మొదట్లో కుర్చీ చేతులు పట్టుకున్నా తప్పులేదు. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి, తొడలకు అదీ పనే. ఐదుసార్లు, కాస్త విశ్రాంతి, ఓపికుంటే మళ్లీ ఐదు.

లెక్క వాళ్లచేతే పైకి పెట్టించండి. నేను పెడితే నెట్ ఆలస్యానికి నా మూడు వాళ్ల రెండవుతుంది. పైగా నోరు మాట్లాడుతుంటే ఊపిరి బిగపట్టరు. బిగపడితే బీపీ పెరుగుతుంది. ఎడమ, కుడి అనడం కూడా మానేశాను. తెరమీద అవి తారుమారై ఇద్దరం గందరగోళపడేవాళ్లం. ఇప్పుడు "కిటికీ వైపు కాలు" అంటాను.

చేస్తూ మాట్లాడగలిగితే మోతాదు సరిపోయినట్టు. రెండు మాటలకే ఆయాసమొస్తే తగ్గించాలి. నొప్పి మర్నాటికీ తగ్గకపోతే సంఖ్య సగం చేయండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఒకవైపు కాలో చెయ్యో పట్టు తప్పడం, మాట తడబడటం కనిపిస్తే కాల్ నడుస్తోందని మొహమాటపడకుండా ఆపేయండి. ఛాతీనొప్పైనా, పట్టు తప్పినా, మాట తడబడినా వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. 65 దాటినవాళ్లు వారానికి కనీసం మూడు రోజులు బలం, బ్యాలెన్స్ పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏ మూడు రోజులో వాళ్లనే ఎంచుకోనివ్వండి.

మాస్టారికి ఇంకొకటి కూడా చెప్పాను: రాత్రి మెలకువ రాగానే లేచి నిలబడకుండా, లైటు వేసుకుని మంచం అంచున ఒక నిమిషం కూర్చోమని. పడుకున్నవాళ్లు చటుక్కున లేస్తే బీపీ పడిపోయి తూలుతారు.

నెల తర్వాత ఆయనే అడిగారు, "బాత్రూం సరే, మెట్ల సంగతేంటమ్మా?" అని. మర్నాడు ఫోన్ మెట్ల దగ్గరికి మార్చాం.