పాత తుపాకీ గొట్టం మీద ముద్రలు చదివే ముందు జాగ్రత్తలు

విజయనగరంలోనో బొబ్బిలిలోనో పాత ఇంటి అటక మీద గొట్టం బయటపడితే ముందు స్టేషన్లో చెప్పండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం విడిభాగమూ ఆయుధమే.

• మందు కూరి ఉందనుకునే ముట్టుకోండి. మూతి నుంచి కూరే రకమైతే సన్నటి వెదురు పుల్ల మెల్లగా అడుగంటా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టండి. అదే పుల్లను, గుర్తు మూతి దగ్గరే ఉండేలా, గొట్టం బయట ఆనించండి. పుల్ల కొన నిప్పు రంధ్రానికి (మందుకు నిప్పు అందే చిన్న బెజ్జానికి) బాగా ఇవతలే ఆగిందా, లోపల ఏదో ఉన్నట్టే. ఇక కదపొద్దు, పోలీసులకే వదిలేయండి.

• గరుకు కాగితం, చింతపండు వద్దు. తుప్పుతో పాటు ముద్రా పోతుంది. మిషన్ ఆయిల్ అద్దిన గుడ్డ చాలు.

• టార్చి పక్కవాటుగా వేయండి, సుద్దపొడి రుద్దండి. బాణం ములుకు బ్రిటిష్ సర్కారు ఆస్తి గుర్తు. రెండు ములుకులు ఎదురెదురుగా ఉంటే కొలువు నుంచి తీసి అమ్మేసినది. ‘ఆర్.ఎఫ్.ఐ.’ అంటే బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది.

• లాక్ ప్లేటు (పేల్చే యంత్రం బిగించిన పక్క రేకు) మీది ‘టవర్’ అనే ముద్ర, సంవత్సరం చూసి గొట్టం వయసు తేల్చొద్దు. భాగాలు మారుతుంటాయి, నకళ్లూ ఎక్కువే.

• గొట్టం లోపల గాళ్లు (మెలి తిరిగిన గాడులు) లేవని నాటు తుపాకీ అనుకోవద్దు. ఇషాపూర్లో కొన్ని లీ ఎన్‌ఫీల్డు సైనిక రైఫిళ్లను .410 (అంగుళాల్లో) కొలత నున్న గొట్టాల తుపాకులుగా మార్చారు.

• ఫొటోలో స్కేలు పెట్టండి.