కారు రంగుకు పాలిష్ ఎప్పుడు, వాక్స్ ఎప్పుడు?

శ్రీకాకుళంలో కారు సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్ళి "బాడీకి పాలిష్ ఇవ్వండి" అని అడిగితే, రబ్బింగ్ కాంపౌండ్ అనే ముతక పాలిష్, సన్నని పాలిష్, వాక్స్ అనే మూడింటిలో ఏదో ఒకటి చేతికి వస్తుంది. కొన్నిసార్లు డాష్‌బోర్డుకు రాసే సిలికాన్ ద్రవం కూడా వస్తుంది. అమ్మేవారికీ కొనేవారికీ అన్నీ పాలిషే. నిజానికి వీటిలో మొదటి రెండూ కారు రంగును కొంత అరగదీస్తాయి, వాక్స్ మాత్రం ఏమీ తీయకుండా పైన పొరగా నిలుస్తుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే కొనుగోలులో సగం పని పూర్తయినట్లే.

టెక్కలి వైపు గ్రానైట్ యూనిట్లలో రాతిపలకకు నునుపు ఎలా వస్తుందో చూసినవారికి పాలిష్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అక్కడ రాతికి మెరుపు పూయరు. ముతక రాపిడితో మొదలుపెట్టి, నీళ్ళు పోస్తూ అంతకంతకూ సన్నని రాపిడితో అరగదీస్తూ పోతే రాయే అద్దమవుతుంది. కారు పాలిష్‌లో ఉండే మెత్తని పొడి చేసే పనీ అదే. అయితే గ్రానైట్ పలకకు అరగదీయడానికి మందం ఉంటుంది. నేటి కార్ల మీద ఇనుప రేకుపై తుప్పును ఆపే పూత, దానిపై ప్రైమర్, దానిపై రంగు, అన్నిటికన్నా పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. ఆ క్లియర్ కోట్ మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందానికి మించదు. ఎండ నుంచి రంగును కాపాడేది ఆ పొరే కాబట్టి పాలిష్ పట్టిన ప్రతిసారీ అందులో కొంత శాశ్వతంగా పోయినట్లే లెక్క. ఏటా దసరాకు తప్పనిసరిగా కాంపౌండ్ పట్టించే అలవాటు కారు మీద ప్రేమే కావచ్చు గాని రంగుకు మేలు కాదు.

అందువల్ల దుకాణానికి వెళ్ళే ముందు కారును పరీక్షించాలి. శుభ్రంగా కడిగి ఆరబెట్టాక, నీడలో మొబైల్ టార్చిని పక్కవాటుగా వేసి బానెట్‌ను చూడండి. సాలెగూడులాగా గుండ్రటి సన్నగీతలు కనిపిస్తే అవి తుడవడంలో పడ్డవి. సన్నని పాలిష్‌తో పోతాయి. గీత మీద గోరు ఆనించి అడ్డంగా లాగినప్పుడు గోరు తట్టుకుంటే అది లోతైన గీత. దాన్ని పోగొట్టాలని రుద్దితే గీత కన్నా ముందు క్లియర్ కోటే పోతుంది. అటువంటి చోట టచప్ రంగు వేయించడమే మంచిది. ఇక చేతికి పల్చటి పాలిథీన్ కవరు తొడిగి బానెట్ మీద మెల్లగా రాయండి. ఇసుక కాగితంలా గరగరమంటే కడిగినా వదలని మురికి పట్టి ఉందన్నమాట. దానికి పాలిష్ కాదు, క్లే బార్ కావాలి. సబ్బునీళ్ళు చల్లుతూ ఆ బంకమట్టి ముద్దను బరువు వేయకుండా జారిస్తే మురికి దానికి అంటుకుని వస్తుంది. ముద్ద కింద పడితే మాత్రం కడిగి వాడుకుందామనుకోకుండా పారేయాలి, ఎందుకంటే అందులో దిగిన ఒక్క ఇసుక రేణువు చాలు.

గీతలేమీ లేక, నునుపుగా ఉండి, నీళ్ళు పోస్తే ముత్యాల్లా నిలవక పలకలా పరచుకుంటూ ఉంటే, ఆ కారుకు పాలిష్ అవసరమే లేదు, వాక్స్ చాలు. నా అంచనాలో మన వైపు కార్లలో ఎక్కువ భాగం ఇటువంటివే.

పాలిష్ కొనవలసి వస్తే డబ్బా మీద అది ఎంత రాపిడి గలదో రాసి ఉంటుంది. అన్నిటికన్నా సన్నని దానితో మొదలుపెట్టండి. చేత్తో పడితే మెత్తటి ఫోమ్ ప్యాడ్ వాడాలి. ముందుగా అడుగున్నర చదరంలో ప్రయత్నించి, ఫలితం చాలకపోతేనే ఒక మెట్టు ముతకదానికి వెళ్ళాలి. మెట్లు దాటేసిన ఫలితం నేను చూశాను. మొదటి కారు ముదురు నీలం. తలుపు మీది గీత పోవాలని రబ్బింగ్ కాంపౌండ్‌తో మొదలుపెట్టి, గీత పల్చబడుతున్న ఆనందంలో అంచు దాకా రుద్దుకుంటూ పోయాను. అంచుల మీద రంగు పొర సహజంగానే పల్చన కాబట్టి కొద్దిసేపటికే అక్కడ చిటికెనవేలి గోరంత మేర బూడిదరంగు ప్రైమర్ బయటపడింది. గీత మాత్రం అలాగే ఉంది. పాత కార్లలో క్లియర్ కోట్ లేని రంగు ఉండవచ్చు. తెల్లగుడ్డకు కారు రంగు అంటితే అటువంటిదని తెలుసుకోవచ్చు. మ్యాట్ రంగు, అంటే మెరుపు లేని రంగు వేసిన కారుకు మాత్రం పాలిష్ గాని మామూలు వాక్స్ గాని తగలనీయకూడదు.

వాక్స్ ఎంపికలో ఆలోచించవలసింది మన వాతావరణం. కార్నౌబా వాక్స్ బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. విడిగా అది రాయిలా గట్టిగా ఉండి 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి, నూనెలూ ద్రావకాలూ ఇతర మైనాలూ కలిపితే తప్ప పూయడానికి రాదు. డబ్బా మీద నూటికి నూరు శాతం కార్నౌబా అని కనబడినా డబ్బా నిండా అదే ఉందని అర్థం కాదు. నలుపు, మెరూన్ వంటి ముదురు రంగులకు అది తెచ్చే లోతైన కళ మరి దేనితోనూ రాదని నా అభిప్రాయం. కాని నడివేసవిలో ఎండలో నిలిపిన నల్లకారు బానెట్ చెయ్యి ఆనించలేనంతగా కాలుతుంది, కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది. ఆ పరిస్థితిలో కార్నౌబా నెలా రెండు నెలలకు మించి నిలవదు. వాక్స్‌కు బదులుగా పూసే, పాలిమర్లతో తయారయ్యే సింథటిక్ సీలెంటు నాలుగైదు నెలలు నిలుస్తుంది. రోజూ ఎండలో ఉండే తెల్ల, వెండి రంగు కార్లకు నేను సీలెంటునే సూచిస్తాను. క్లీనర్ వాక్స్ పేరుతో వచ్చేవాటిలో కొద్దిగా రాపిడి పొడి కూడా కలిసి ఉంటుంది. ఏడాదికి ఒకసారైతే ఫరవాలేదు గాని నెలనెలా వాడేది కాదు. సిరామిక్ కోటింగ్ అనే గట్టి పూత ఏళ్ళ తరబడి నిలుస్తుంది, అయితే దాని కింద మిగిలిపోయిన గీతలు కూడా అంతకాలమూ నిలుస్తాయి.

ఏది కొన్నా పూయవలసింది నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, అంటే తెల్లవారి పూట. బోరు నీళ్ళతో కడిగితే చుక్కలు ఆరకముందే తుడవాలి. ఆరితే వాటిలోని సున్నం తెల్లని మచ్చలుగా మిగులుతుంది. తుడవడానికి పాత పంచె చింపడం మన ఇళ్ళలో రివాజు. పొందూరు సన్నఖద్దరంత మెత్తనిదైనా నూలుగుడ్డ ఈ పనికి తగదు, ఎందుకంటే దుమ్మును తనలోకి తీసుకోక రంగు మీదే ఈడుస్తుంది. దట్టమైన నూగు ఉన్న మైక్రోఫైబర్ గుడ్డలు రెండు కొనుక్కోవడం మేలు. వాక్స్‌ను కనీకనబడనంత పల్చగా పూయాలి. పది పదిహేను నిమిషాలకు పొగమంచులా తెల్లబడ్డాక వేలితో ఒక గీత గీయండి. గీసిన చోట శుభ్రంగా మెరిస్తే తుడవవచ్చు, జిడ్డుగా అలుక్కుంటే ఇంకా ఆగాలి. నల్ల ప్లాస్టిక్ భాగాలకు ముందే టేపు అంటించకపోతే వాటి మీద తెల్లటి మరకలు మిగిలి విసిగిస్తాయి. సీలెంటు గట్టిపడే కొన్ని గంటలూ తడవకూడదు కాబట్టి వాన మబ్బు ఉన్న రోజున మొదలుపెట్టవద్దు.

డెంటింగ్, పెయింటింగ్ చేయించిన భాగం మీద కనీసం 30 రోజులు, షెడ్డువారు ఎక్కువ చెబితే అన్ని రోజులు, వాక్స్ పూయరాదు. రంగులోని ద్రావకాలు పూర్తిగా ఆవిరి కావాలి. మెరుపు కోసం డీజిల్ గుడ్డతో తుడిచే అలవాటును ఎప్పటికీ మానుకోవాలి, ఆ మెరుపు సాయంత్రానికి దుమ్ము పట్టి పోతుంది.

కాలం విషయానికి వస్తే, సీలెంటు అయితే ఉగాది దాటిన వెంటనే ఒకసారి, దసరాకు పది రోజుల ముందు మరొకసారి పూయడం మన వైపు సరిపోతుంది. రెండవది ఆశ్వయుజ, కార్తీకాల తుపాను వానలకు ముందే పడుతుంది, వాహనపూజకూ అక్కరకు వస్తుంది. అరసవల్లిలో గాని పైడితల్లి అమ్మవారి దగ్గర గాని పూజ చేయించినప్పుడు బానెట్ మీద పెట్టిన పసుపు, కుంకుమ బొట్లూ, జారిన నిమ్మరసమూ ఆ ఎండలో గంటల తరబడి ఉండిపోతాయి. వాక్స్ లేని తెల్లకారు మీద పసుపు మరక రోజుల తరబడి కనిపిస్తూనే ఉంటుంది. వాక్స్ ఉంటే ఆ సాయంత్రమే షాంపూ నీళ్ళలో ముంచిన గుడ్డతో మెల్లగా ఒత్తి తీస్తే చాలావరకు వచ్చేస్తుంది. కుంకుమను మాత్రం పొడిగుడ్డతో రుద్దకండి, ముందు నీళ్ళతో జార్చివేయండి.