థైరాయిడ్ వల్ల కళ్లు ముందుకొస్తుంటే

ఈ జబ్బులో కనుగుడ్డు పెరగదు. రోగనిరోధక వ్యవస్థ పొరబడి కంటి వెనకున్న కొవ్వు, కండరాల మీద దాడి చేస్తుంది. అవి వాచి ఎముక గూట్లో చోటు చాలక గుడ్డును ముందుకు తోస్తాయి. ఎక్కువగా గ్రేవ్స్ జబ్బు (రోగనిరోధక వ్యవస్థ పొరబాటు వల్ల థైరాయిడ్ అతిగా పనిచేయడం) ఉన్నవాళ్లలో చూస్తాం. అయితే థైరాయిడ్ పరీక్షలు నార్మల్‌గా ఉన్నా రావచ్చు.

సిగరెట్ తాగేవాళ్లు ముందు అది మానాలి. పొగ జబ్బును ముదరబెడుతుంది, మందుల్ని సరిగా పనిచేయనివ్వదు. థైరాయిడ్‌ను తగ్గించడానికి రేడియో అయోడిన్ (రేడియోధార్మిక అయోడిన్) చికిత్స తీసుకోమంటే కళ్ల సంగతి ముందే చెప్పండి, దానితో వాపు పెరగొచ్చు.

పగలు ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి కంటి తడి నిలిపే ఆయింట్‌మెంట్ వాడండి. నిద్రలో మీ రెప్పల్ని ఇంట్లోవాళ్లను చూడమనండి. మధ్యలో సన్నగా తెల్లగుడ్డు కనిపిస్తోందంటే రెప్ప పూర్తిగా మూసుకోవడం లేదు, నల్లగుడ్డు ఎండి పుండు పడొచ్చు. ఆయింట్‌మెంట్ వేశాక మెడికల్ టేపుతో రెప్పను మూయాలి. టేపు గుడ్డుకు తగలకూడదు.

వాపు, ఎరుపు, నొప్పి బాగా ఉంటే సాధారణంగా మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను సెలైన్‌లో ఇస్తారు: వారానికోసారి 500 మి.గ్రా. చొప్పున 6 వారాలు, తర్వాత 250 చొప్పున 6 వారాలు. ముందూ మధ్యలోనూ షుగర్, లివర్ పరీక్షలు తప్పనిసరి. ఆపరేషన్లు సాధారణంగా జబ్బు చల్లబడి 6 నెలలు నిలకడగా ఉన్నాకే. ముందు ఎముక గూడు వెడల్పు చేయడం, తర్వాత మెల్లకన్ను సరిచేయడం, చివర రెప్ప. ఈ వరస తప్పితే చేసిందే మళ్లీ చేయాల్సొస్తుంది.

ఒక్కో కన్ను మూసి ఎర్రటి వస్తువును చూస్తుండండి. ఒక కంటికి రంగు వెలిసినట్టుంటే కంటి నరం నలుగుతోందేమో, అదే రోజు కంటి ఆస్పత్రికి వెళ్లండి.