యూవీకి నీలం తిరిగే టంగ్‌స్టన్ పూత: కలపబోయే ముందు జాగ్రత్తలు

ఇది ఫాస్ఫోటంగ్‌స్టిక్ యాసిడ్ (టంగ్‌స్టన్ ఉన్న ఆమ్లం), పాలీవినైల్ ఆల్కహాల్ (పీవీఏ, నీళ్లలో కరిగే ప్లాస్టిక్) కలిపి గాజు మీద వేసే పూత. యూవీ (అతినీలలోహిత) కాంతి పడితే నీలమవుతుంది, గాలి తగిలితే ఆ రంగు పోతుంది.

• ఇనుప, అల్యూమినియం గరిటెలు పక్కన పెట్టండి. లోహం తగిలితే ద్రావణం గిన్నెలోనే నీలమైపోతుంది. గాజు కడ్డీ, ప్లాస్టిక్ చెంచా చాలు.

• పీవీఏ 10 గ్రాములకు నీళ్లు 100 మి.లీ. పొడిని చల్లటి నీళ్లలో కొద్దికొద్దిగా చల్లి, ఆ తర్వాతే 85–90 డిగ్రీలకు వేడిచేయాలి. మరిగే నీళ్లలో పోశారా, ఉండలు కడుతుంది. ఆ ఉండలు ఓ పట్టాన కరగవు.

• యాసిడ్ 5 గ్రాములు, 10 మి.లీ. నీళ్లలో. పీవీఏ పూర్తిగా చల్లారాక, కలుపుతూ చుక్కచుక్కగా వేయండి. పీవీఏ బదులు పాలీఇథిలీన్ గ్లైకాల్ వాడొద్దు, తెల్లగా విరిగిపోతుంది.

• ఫాస్ఫోటంగ్‌స్టిక్ యాసిడ్ బలమైన ఆమ్లం. నైట్రైల్ (రబ్బరు లాంటి) గ్లవ్స్, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

• గాజుకి జిడ్డు ఉండకూడదు. నీళ్లు పోస్తే పొరలా పరుచుకోవాలి. చుక్కలుగా విడిపోతే మళ్లీ కడగండి.

• ఆరబెట్టేది చీకట్లో, 50 డిగ్రీలు దాటకుండా. ఎక్కువ వేడికి ఆమ్లం పీవీఏలోంచి నీటిని లాగేసి పూతను గోధుమరంగుకి తిప్పుతుంది. ఆ రంగు ఇక పోదు.

• యూవీ దీపం 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యానిదైతే వెలుగు పూత వైపు నుంచే పడాలి, మామూలు గాజు దాన్ని ఆపేస్తుంది. దీపంకేసి నేరుగా చూడొద్దు.

• నీలం రంగు పోవాలంటే గాలిలోని ఆక్సిజన్ తగలాలి. పైన ఇంకో గాజు అతికిస్తే నీలం అలాగే ఉండిపోతుంది.