కొత్తగా చూపు కోల్పోయిన వారికి టచ్‌స్క్రీన్ ఫోన్ నేర్పడం ఎలా?

నున్నటి గాజు పలక మీద తడిమి గుర్తుపట్టడానికి మీటలంటూ ఏమీ ఉండవు కాబట్టి, చూపు కోల్పోయిన కొత్తలో చాలామంది ఇక ఫోన్ తమ వల్ల కాదని పక్కన పెట్టేస్తారు. కానీ 2009లోనే ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ వచ్చాయి. తెర మీద వేలు ఎక్కడ పెడితే అక్కడ ఉన్నదాన్ని ఇవి పైకి చదివి వినిపిస్తాయి.

నేర్పబోయేవారు ముందుగా తమ ఫోన్‌లోనే సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ విభాగంలో దీన్ని ఆన్ చేసి, కళ్లు మూసుకుని ఒక కాల్ చేసి చూడాలి. ఆఫ్ చేసే పద్ధతి మాత్రం అంతకంటే ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే ఆన్ అయిన క్షణం నుంచి అలవాటైన తాకుళ్లేవీ పనిచేయవు. షార్ట్‌కట్‌ను ముందే ఎంచుకుని ఉంచితే, ఆండ్రాయిడ్‌లో రెండు వాల్యూమ్ బటన్లనూ కలిపి కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని, ఐఫోన్‌లో పక్క బటన్‌ను గానీ, హోమ్ బటన్ ఉన్న ఫోన్లలో దాన్ని గానీ వెంటవెంటనే మూడుసార్లు నొక్కి, ఆన్ లేదా ఆఫ్ చేయవచ్చు.

తర్వాత నేర్చుకునేవారి ఫోన్‌ను సిద్ధం చేయండి. గొంతును వారికి అర్థమయ్యే భాషలోకి మార్చి, చదివే వేగం తగ్గించండి. తెర త్వరగా ఆరిపోకుండా సమయం పెంచి, మొదటి పేజీలో రోజూ అవసరమయ్యే నాలుగైదు యాప్‌లను మాత్రమే ఉంచండి.

ఇక ఫోన్ వారి చేతికివ్వండి. వెనక కెమెరా ఉబ్బు, కింద ఛార్జింగ్ రంధ్రం, పక్కన బటన్లు తడిమి, ఏది పైవైపో వారే తేల్చుకోవాలి. ఆపైన ఫోన్‌ను బల్లమీద పెట్టి, ఒక వేలిని తెర మీద నెమ్మదిగా జరపమనండి. పాఠమంతటికీ ఆయువుపట్టు ఇక్కడే ఉంది: వేలు ఆనిస్తే పేరు వినిపిస్తుందే తప్ప ఏదీ తెరుచుకోదు, తెరవాలంటే పేరు విన్నాక తెర మీద ఎక్కడైనా సరే రెండుసార్లు వెంటవెంటనే తట్టాలి. ఏళ్ల తరబడి చూసి వాడినవారికి ఈ మార్పే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే వేలు పాత అలవాటుకొద్దీ ఒక్కసారి తట్టి ఊరుకుంటుంది. గట్టిగా నొక్కడం, తెలియకుండా రెండో వేలు ఆనించడం, రెండు తట్టులకూ మధ్య ఎక్కువ వ్యవధి ఇవ్వడం కూడా సాధారణంగా జరిగే పొరపాట్లే. వేలు పెట్టి వెతకడం పట్టుబడ్డాక, ఒక వేలిని కుడికి విసిరితే తర్వాతి అంశానికి, ఎడమకు విసిరితే ముందటి అంశానికి వెళ్లవచ్చని చూపండి.

ఈ దశలో వారి వేలు పట్టుకుని లాగకండి, ఫోన్ లాక్కుని మీరే చేసేయకండి. నా ఉద్దేశంలో నేర్చుకోవడాన్ని అన్నిటికన్నా ఎక్కువగా ఆపేది సాయం చేసే చెయ్యే. కదలిక ఎలా ఉండాలో చూపించక తప్పకపోతే, అడిగి, మీ చేతి మీద వారి చెయ్యి వేయమనండి. ‘ఇక్కడ’, ‘అదిగో’ అనే మాటలు వారికి ఉపయోగపడవు. ‘కింది అంచుకు దగ్గరగా, ఎడమ మూలలో’ అని చెప్పండి. ఫోన్ మాట్లాడుతుండగా మీరు మాట్లాడకండి.

ఎక్కడో చిక్కుకుపోతామన్న భయం పోవాలంటే మొదటి పేజీకి తిరిగి వచ్చే దారి తొలిరోజే తెలియాలి. టాక్‌బ్యాక్‌లో ఒక వేలిని పైకి జరిపి అదే ఊపులో ఎడమకు తిప్పాలి; హోమ్ బటన్ లేని ఐఫోన్‌లో కింది అంచు నుంచి వేలిని నెమ్మదిగా పైకి జరిపి, చిన్న కంపనం గానీ శబ్దం గానీ అందగానే ఎత్తాలి. పేజీని జరపడానికి ఐఫోన్‌లో మూడు వేళ్లు, ఆండ్రాయిడ్‌లో రెండు వేళ్లు వాడాలి.

మొదటి అసలు పని కాల్ అయితే మంచిది. మీరు పక్క గదిలోకి వెళ్లి, వారు మీకు కాల్ చేసేదాకా ఆగండి. తర్వాత మీరు కాల్ చేసి, ఎత్తడం, పెట్టేయడం సాధన చేయించండి.

టైపింగ్‌కు తొందర లేదు. అంతవరకు మాటతో రాయించే మైక్ బటన్ చాలు. కీబోర్డు మీద వేలు జరుపుతూ, కావలసిన అక్షరం వినిపించగానే వేలు ఎత్తితే అది పడేలా సెట్టింగ్‌లో ఎంచుకోవచ్చు. పాస్‌వర్డ్‌లు, పిన్‌లు కొట్టేటప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకోమనండి. వాయిస్‌ఓవర్‌లో మూడు వేళ్లతో మూడుసార్లు తడితే తెర నల్లబడి, గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. ఆ కాసేపు మీరు కూడా పక్కకు తప్పుకోండి.