కన్యాశుల్కాన్ని గంటంబావులో ఆడాలంటే

తిరుపతి కాలేజీల్లో కన్యాశుల్కం అనగానే ముందు గిరీశాన్ని వెతుకుతారు. చుట్ట, ఇంగ్లీషు ముక్కలు, రెండు పద్యాలు ఉంటే హాలు నవ్వేస్తుంది. చూసినవాళ్లు మాత్రం గిరీశమొక్కడే మోసగాడు, తక్కినవాళ్లు పాపం అమాయకులు అనుకుంటూ బస్సెక్కుతారు. గురజాడ రాసింది అది కాదు. పసిపిల్లను అమ్మే బేరంలో అగ్రహారం పెద్దమనుషులు ఒక్కొక్కరిదీ ఒక చెయ్యి ఉంది. కుదించేటప్పుడు ఆ చేతులు తెగిపోకుండా చూసుకోవాలి.

ముందు సరైన ప్రతి చూసుకోండి. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చువేసింది మొదటిది. బాగా మార్చి, పెంచి 1909లో తెచ్చింది రెండోది. వేశ్య మధురవాణి నిండుగా కనబడేది రెండోదాంట్లోనే కాబట్టి దాన్నే తీసుకోండి. గురజాడ 1915లో పోయారు గనుక మూలానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంకొకరు కుదించిన ప్రతి ఆడితే మాత్రం వాళ్లనడగాలి. ఏడంకాలూ పూర్తిగా ఆడాలంటే రాత్రంతా కావాలి. 14 పాయింట్ల అక్షరంలో ఏ4 పేజీ పైకి చదివితే సుమారు రెండు నిమిషాలు పడుతుంది. 35 పేజీలు దాటనివ్వకండి, మిగిలిన ఐదు నిమిషాలు నవ్వులే తినేస్తాయి.

ఏది ఉంచాలో తేలకపోతే డబ్బు ఎటు పోతోందో చూడండి. పూటకూళ్లమ్మ సంత సరుకులకని ఇచ్చిన 20 రూపాయలు గిరీశం తన సరదాకు ఖర్చుపెట్టేశాడు. అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు 1800కు కుదిర్చాడు. మేనకోడలైన సుబ్బిని కాపాడాలని బయల్దేరిన కరటకశాస్త్రి కూడా శిష్యుడికి ఆడవేషం వేసి అదే సంతలో అమ్మాడు. ఈ మూడూ ఉండాలి. మూడోది ఉత్త నవ్వుల ఘట్టమని తీసేసేవాళ్లున్నారు. అది పోతే మంచివాడి చేతికంటిన మసి కూడా పోతుంది. సుబ్బి అక్క బుచ్చమ్మను కూడా తగ్గించకండి. ఒక కూతుర్ని అమ్మి, ఆమె విధవై ఇంట్లో కూర్చున్నాక కూడా తండ్రి రెండోదాన్ని బేరం పెట్టాడన్నది ఆమె కనబడితేనే తెలుస్తుంది. కోర్టు వ్యవహారాలు తీసేయొచ్చు. సారా దుకాణం తీసేయడానికి మనసొప్పదు గానీ, తొమ్మిదిమందితో ఆడేవాళ్లకు తప్పదు.

ఇరవై రూపాయలకు నోట్లు వాడొద్దు. బట్టసంచిలో 20 ఇనుప వాషర్లు వేస్తే చివరి వరుసకూ చప్పుడు వినిపిస్తుంది. 1800ను మూటగా చూపించాలని కొందరికి సరదా. అప్పటి వెండి రూపాయి 11.66 గ్రాములు, అంటే మూట 21 కిలోలు! దాన్ని నటుడు ఒంటిచేత్తో ఊపుకుంటూ వస్తే అబద్ధం తెలిసిపోతుంది. ఆ సొమ్మును మాటల్లోనే ఉంచండి. అంకె పలికిన చోట సుబ్బి వేదికమీదే ఓ పక్కన అచ్చనగాయలాడుకుంటూ ఉండాలి. నవ్వు రెండు క్షణాలు ఆగనిచ్చి, ఒక కాయ నేలమీద పడనివ్వండి. అంతే, ఆ పిల్ల తలెత్తి చూడనక్కర్లేదు.

మనవాళ్లకు గట్టి చిక్కు యాస. ‘వచ్చినాడు’, ‘చేసినాడు’ అలవాటైన నోటికి విజయనగరం మాట రెండోరోజు పట్టుబడి నాలుగోరోజు జారిపోతుంది. సగం ఆ యాస, సగం మన యాస అయితే మరీ అధ్వానం. ప్రతి రిహార్సలూ ఫోన్లో రికార్డు చేసి, జారిన క్రియలకు ప్రతిలో ఎర్రగీత పెట్టించండి. ‘గుంట’ అంటే అక్కడ పిల్ల, ఇక్కడ గొయ్యి. మాట మార్చకండి, మొదటిసారి అన్నప్పుడు పిల్లవైపు చెయ్యి చూపిస్తే చాలు. జిల్లా భారతం నాటకాల్లో అర్జునుడో ధర్మరాజో కట్టినవాళ్లుంటే గొంతుకు ఢోకా లేదు. కాకపోతే వాక్యం చివర రాగంలాగా సాగదీస్తారు. ఆ చివరి మాటను చప్పున తుంచమని, చెయ్యి చరిచి మరీ చెప్పాలి.

చుట్ట వెలిగించకుండానే నోట్లో పెట్టుకోవాలి. పూటకూళ్లమ్మ చీపురు ఈనెలది వద్దు, కంటికి తగులుతుంది. మెత్తటి గడ్డి చీపురివ్వండి.

చివర వకీలు సౌజన్యారావు పంతుల్ని దేవుణ్ణి చేసి మెట్టుమీద నిలబెట్టడం అందరూ చేసే పొరపాటు. వేశ్యల నీడ పడనివ్వని ఆయన నియమం కూడా అక్కడ విచారణలో ఉంది. ఆయనా మధురవాణీ ఒకే ఎత్తులో, నాలుగడుగుల దూరంలో, ఒకే తెల్లటి దీపం కింద నిలబడాలి. భగవద్గీత పుస్తకం చేతులు మారేటప్పుడు వెనక సంగీతం పెట్టకండి. గిరీశం ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ అన్న మాటకు చప్పట్లు ఎటూ మోగుతాయి. తెర లాగే కుర్రాడు ఆ మోతకు కంగారుపడి తాడు లాగేస్తాడు. మనసులో నాలుగు లెక్కపెట్టి లాగమని అతనితో కనీసం మూడుసార్లు రిహార్సల్ చేయించండి.