రా ఫైళ్ల సాఫ్ట్‌వేర్: మీ చెత్త ఫోటోతో టెస్ట్ చేయండి

తేలినీలాపురంలో పక్షులనో విజయనగరంలో సిరిమానునో రా ఫార్మాట్‌లో (సెన్సార్ పట్టిన డేటాని కెమెరా ఫోటోగా తయారుచేయకుండా దాచే ఫైలు) తీసి, ఇప్పుడు దేంట్లో తెరవాలా అని చూస్తున్నవాళ్లు వెంటనే నెలనెలా డబ్బు కట్టే అడోబీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌కి వెళ్లిపోకండి. కెమెరా కంపెనీ ఉచితంగా ఇచ్చేది ఒకటి ఉంటుంది, కెనాన్‌కి డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్, నికాన్‌కి ఎన్‌ఎక్స్ స్టూడియో. రంగులు కెమెరా తనే తయారుచేసిచ్చే జేపెగ్ ఫోటోకి బాగా దగ్గరగా వస్తాయి, కాకపోతే రేపు వేరే కంపెనీ కెమెరా కొంటే దాని రా ఫైళ్లు ఇందులో తెరుచుకోవు. డార్క్‌టేబుల్, రాథెరపీ కూడా ఉచితమే, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తాయి, చాలా కంపెనీల ఫైళ్లు తీసుకుంటాయి. మీది మరీ కొత్త మోడల్ అయితే సపోర్ట్ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి.

పోల్చడానికి మంచి ఫోటో పెట్టకండి, అది దేంట్లోనైనా బాగానే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండకి ఈకలు తెల్లగా తేలిపోయిన కొంగ ఒకటి, చీకటి పడ్డాక ఎక్కువ ఐఎస్‌ఓలో (తక్కువ వెలుతురుకి కెమెరా సున్నితత్వం పెంచే సెట్టింగ్) తీసిన జాతర జనం ఒకటి, ఈ రెండూ ప్రతి దాంట్లోనూ తెరిచి ఈకల గీతలు ఎంతవరకు తిరిగొస్తున్నాయో, నాయిస్ (ఫోటోలో కనిపించే గరుకు చుక్కలు) తగ్గిస్తే ముఖాలు మైనంలా అయిపోతున్నాయో లేదో చూడండి. తెరవగానే చప్పగా ఉందని దేన్నీ తీసిపారేయొద్దు, ఒక్కోదాని మొదటి సెట్టింగులు ఒక్కోలా ఉంటాయి అంతే.

ఇంకోటి, ఒకదాంట్లో చేసిన ఎడిటింగ్ ఇంకోదాంట్లోకి సరిగ్గా రాదు. పెళ్లి ఆల్బమ్ మొత్తం మొదలెట్టాక మారాలంటే మళ్లీ మొదటినుంచే.